ఉసూరుమీటరు

2086 నాటికి విశాఖపట్నంలో పెళ్ళిచూపులకు వెళ్ళినవాళ్ళు అబ్బాయి ఏం చేస్తాడని అడగడం మానేశారు. ఏం చూశాడని అడుగుతున్నారు.

దానికి కారణం ఉంది. పాతికేళ్ళ కిందట విమానాల పొగకు ఆకాశం దగ్గడం మొదలుపెట్టాక ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఒక చట్టం చేశాయి. మనిషికి బతుకు మొత్తానికి ఒకే ఒక విదేశీయాత్ర. 'రోజుకో మాత్ర, జన్మకో యాత్ర' అని ఆసుపత్రి గోడల మీద కూడా రాయించారు. ప్రతి మనిషికీ ఒక యాత్రాపత్రం ఇచ్చారు. అరవై అయిదో పుట్టినరోజు దాకా అది చెల్లుతుంది. ఆ రోజు దాటితే పత్రం చిత్తు, మనిషి చిత్తు చిత్తు.

వెళ్ళొచ్చినవాళ్ళకు ప్రభుత్వం ఒక ఇత్తడి పలక ఇస్తుంది. జనం దాన్ని 'చూశాం పలక' అంటారు. 'ఈఫిల్ టవర్, చూశాం.' 'నయాగరా, చూశాం.' దాన్ని వీధి గుమ్మం పక్కన, ఇంటి యజమాని పేరుకు జానెడు పైన తగిలిస్తారు. క్రమంగా ఇంటిపేర్లు పోయి చూసిన పేర్లు నిలిచాయి. ఒక్క మర్రిపాలెంలోనే ఈఫిల్ సూర్రావులు ముగ్గురు, పిరమిడ్ పార్వతీశాలు ఇద్దరు ఉండేవారు. పలక లేని ఇంటివాళ్ళను పేరు పెట్టే పిలిచేవారు. అంతకన్నా అవమానం ఏముంటుంది?

జన్మ ఒకటే, యాత్ర ఒకటే కాబట్టి ఎక్కడికి వెళ్ళాలో వెళ్ళొచ్చినవాళ్ళనే అడగాలి. అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "చూసి తీరాలి." ఏం చూశారో చెప్పేవారు కాదు, ఎలా ఉందో చెప్పేవారు కాదు. చూసి తీరాలనేవారే గాని చూసిన తీరు చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఈ సంగతిని మొదట కనిపెట్టింది శాస్త్రవేత్తలు కాదు, అప్పలనర్సమ్మ.

భీమిలి రోడ్డులో, సముద్రానికి వీపు తిప్పి కట్టిన మూడంతస్తుల భవనం ఒకటుంది. పేరు అనుభూతి మాపన కేంద్రం. కిటికీలోంచి ఊరికే కనబడేదాన్ని చూస్తూ కూర్చుంటే పని సాగదని సముద్రానికి వీపు తిప్పారట. అక్కడ అప్పలనర్సమ్మ సీనియర్ టెక్నీషియన్. వెంట్రుక కన్నా సన్నని తీగను సెన్సరుకు అతకాలంటే ఆ ఊళ్ళో ఆవిడ చెయ్యే ఉండాలి. ఎర్రటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఇరవై మూడేళ్ళు అదే బల్ల దగ్గర కూర్చుంది. ఇప్పుడు ఆవిడకు అరవై నాలుగేళ్ళ పది నెలలు. యాత్రాపత్రం ఇంకా వాడలేదు.

వాడకపోవడానికి భయం కారణం కాదు, బద్ధకం అంతకన్నా కాదు. ఉన్నది ఒక్కటి, అది వృథా కాకూడదని. వెళ్ళొచ్చిన ప్రతి మనిషినీ అడిగి, చెప్పింది చెప్పినట్టు ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంది. మూడువందల పన్నెండు మందిని అడిగింది. మర్రిపాలెంలో వాళ్ళింటి గుమ్మం పక్కన, పలక కోసమని మేకు కూడా కొట్టించి పెట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆ మేకుకు గొడుగు వేలాడుతోంది.

రెండేళ్ళ కిందట ఒక రోజు ఆవిడ ఆ నోట్‌బుక్కు తెచ్చి తన పై అధికారి ముందు పెట్టింది.

ఆ అధికారి డాక్టర్ ముక్తేవి చిదానందం. ఇంటిపేరు 'ముక్తేవి?' అని ప్రశ్నిస్తుంటే పేరు 'చిదానందం' అని సర్ది చెబుతున్నట్టుండే మనిషి. యాభై ఏళ్ళు. ఇరవై ఏడో ఏట పీసాలో వాలిన గోపురం చూసొచ్చాడు. ఆయన గదిలో, బల్ల వెనక, ఆ ఫోటో ఉంటుంది. అందరూ దిగినట్టే ఆయనా రెండు చేతులూ చాచి గోపురాన్ని పడిపోకుండా పట్టుకున్నట్టు దిగాడు. తీసినవాడు కోణం తప్పాడు. చేతులకూ గోపురానికీ మధ్య బెత్తెడు ఆకాశం ఉంది.

"ఇది సదవండి బాబూ," అంది అప్పలనర్సమ్మ.

చిదానందం చదివాడు. మొదటి పేజీలో 'సూసి తీరాలి' అని ఇరవై ఆరు సార్లు ఉంది. రెండో పేజీలోనూ అంతే.

"అన్నీ ఒకటేగా నర్సమ్మగారూ."

"మరదే గదా. మూడొందల పన్నెండు మందికి ముప్పై ఊళ్ళు బాగున్నాయి. ఒక్కడికి కాలు నొప్పెట్టనేదు, ఒక్కడికి ఎండ తగల్నేదు. మా ఈదిలో సినిమాకెళ్ళొచ్చినోళ్ళు ఇలగ సెప్తారేటి? ఇంటర్వెల్ దాకా పర్లేదంటారు."

"అయితే?"

"అడిగితే తెల్దు బాబూ ఇది. కొలవాల."

చిదానందం పక్క గదిలోంచి డాక్టర్ షంషాద్‌ను పిలిచాడు. ఆవిడ గుంటూరు మనిషి, మెదడు రసాయనాల మీద పనిచేసేది, మాట మెత్తనగాని లెక్క కఠినం. ముగ్గురూ కలిసి ఏడాదిన్నర కష్టపడి ఆ యంత్రం తయారుచేశారు.

యంత్రం సూత్రం అర్థం చేసుకోవడం తేలికే. ఆ కాలంలో ప్రతి మనిషికీ చెవి వెనక గోరంత దేహలేఖిని ఉండేది. నాడి, చెమట, కంటిపాప విచ్చుకోవడం, మెదడులో ఊరే రసాయనాలు, అన్నిటినీ వైద్యుల కోసం సెకనుకొకసారి రాసిపెట్టేది. అది పెట్టిన దగ్గర్నుంచి ఒక్క సెకను కూడా చెరిగిపోదు. ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడ ఉన్నాడో కూడా అందులో ఉంటుంది. అయితే గుండెదడ ఒక్కదాన్ని పట్టుకుంటే ఏమీ తేలదు. గోపురం చూసినా దడే, జేబులో పాస్‌పోర్టు కనబడకపోయినా దడే. అందుకని షంషాద్ ఒక జల్లెడ ప్రోగ్రాం రాసింది. అది కంగారును ఒక పక్కకు, కాళ్ళనొప్పిని ఒక పక్కకు, ఫోటో కోసం బిగించిన నవ్వును ఇంకో పక్కకు జల్లించేసి, అడుగున అబ్బురం ఏమైనా మిగిలితే దాన్ని కొలుస్తుంది.

కొలతకు ప్రమాణం కావాలి కదా. ఆదోని నుంచి వచ్చిన నాలుగేళ్ళ పిల్ల ఒకతి భీమిలి ఒడ్డున మొదటిసారి సముద్రాన్ని చూసి నోరు తెరిచిన క్షణాన్ని నూరుగా పెట్టుకున్నారు. ఆ పిల్ల అన్న మాటే ప్రమాణానికి పేరైంది. నూరు ఆహాలు.

యంత్రానికి రెండు దీపాలు. పచ్చ దీపం వెలిగితే అది చూపించే అంకె గతంలోది, దేహలేఖినిలోంచి తవ్వి తీసినది. పసుపు దీపం వెలిగితే అప్పటికప్పుడు మనిషి పడుతున్న ఆనందం. ఆ రెండు దీపాలనూ అతికింది అప్పలనర్సమ్మే.

కాగితాల మీద దాని పేరు అబ్బురమాపకం. ఆ పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. తిరగడమే తగ్గిపోయిన కాలం మరి. మొదటి వారం ఫలితాలు చూశాక కేంద్రంలో అందరూ దాన్ని ఉసూరుమీటరు అనడం మొదలుపెట్టారు.

ఎందుకంటే పద్దెనిమిది వేల మంది దేహలేఖినులు వడపోస్తే తేలింది ఉసూరే. ఈఫిల్ దగ్గర నాలుగు ఆహాలు. చిదానందం ఆ కాగితం మీద 'ఈఫిల్: ఏ ఫీలూ లేదు' అని రాశాడు. మాచుపిచ్చులో ఆహా మచ్చుకు రెండు, మిగతాదంతా పిచ్చి. వెనిస్ పడవలెక్కినవాళ్ళు వెనక్కెప్పుడా అని చూశారు, మూడు. పిరమిడ్ల దగ్గర ఎండ పీడ, ఒంటె పీడ, అయిదు. పారిస్ మ్యూజియంలో నవ్వీనవ్వని ఆవిడ బొమ్మకు ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ముందున్న పొడుగాటివాడు పక్కకు తప్పుకున్నప్పటిది.

నయాగరా కాస్త నయం, ఏడు. ఆ ఏడులో షంషాద్‌ది కూడా ఉంది. కొత్తగా పెళ్ళయినప్పుడు భర్తతో వెళ్ళింది. తన దేహలేఖిని తనే యంత్రానికి తగిలించుకుని, వచ్చిన అంకెను కాగితం మీద రాసింది.

"రెండు," అంది. "ఆయన రెయిన్‌కోటు జిప్పు ఇరుక్కుంది. నీళ్ళు పడుతున్నంతసేపూ నేను ఆ జిప్పు లాగుతూనే ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా అందరికీ ఇంద్రధనుస్సు గురించి చెబుతున్నా చిదానందంగారూ. నేను ఇంద్రధనుస్సును చూళ్ళేదు. జిప్పునే చూశా."

"మీరొక్కరే కాదుగా."

"అదే బాధ. ఒక్కదాన్నే అయితే దురదృష్టం అనుకునేదాన్ని. మీది కూడా పెట్టి చూడండి."

"నాది తర్వాత చూద్దాం," అన్నాడు చిదానందం.

తర్వాత చూశాడు. ఎవరూ లేనప్పుడు, మధ్యాహ్నం భోజనాల వేళ, తలుపు వేసుకుని. పచ్చ దీపం వెలిగింది. మూడు ఆహాలు. అందులో రెండు, గోపురం ఎదురుగా బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పినప్పటివి. చిదానందం ఆ అంకెను చెరిపేసి, చెరిపినట్టు కూడా గుర్తు లేకుండా చెరిపేసి, వెళ్ళి పెరుగన్నం తిన్నాడు.

అసలు సంగతి షంషాద్ కంట పడింది మరో నెలకు.

"ఇది చూడండి. పీసా వెళ్ళొచ్చిన మూడు వేల మంది. గోపురం దగ్గర సగటు రెండు. ఆ తర్వాత ఒక చోట గీత నిలువునా లేస్తోంది. తొంభై, తొంభై నాలుగు, తొంభై ఆరు. ప్రతివాడికీ."

"ఎక్కడ? ఫ్లారెన్సా?"

"ఇంట్లో. సోఫాలో. తిరిగొచ్చిన మూడో రోజో నాలుగో రోజో. అక్కణ్ణుంచి ఏళ్ళ తరబడి అప్పుడప్పుడు లేస్తూనే ఉంది."

సోఫాలో ఏముందో తెలుసుకోవడానికి నలభై మందిని పిలిపించారు. పసుపు దీపం వెలిగించి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎదురుగా ఒక శ్రోతను పెట్టి, యాత్ర గురించి చెప్పమన్నారు. ఎదుటివాడు కూడా అదే చోటు చూసొచ్చినవాడైతే అంకె పదకొండు దాటలేదు. ఎదుటివాడు చూడనివాడై, "అయ్యో, మేం చూళ్ళేదండీ" అనగానే తొంభై దాటింది. "మీరు చూసి తీరాలి" అన్నప్పుడు శిఖరం.

షంషాద్ పెన్ను కింద పెట్టింది. "అంటే ఇన్నాళ్ళూ మనం కొండలూ గోపురాలూ చూడ్డానికి వెళ్ళడం లేదు. చూడనివాళ్ళ మొహాలు చూడ్డానికి వెళుతున్నాం."

"మోసపోయినవాడికి మిగిలే ఊరట అదొక్కటేగా," అన్నాడు చిదానందం, గోడ మీద ఫోటో వైపు చూడకుండా. "ఇంకొకణ్ణి పంపడం."

అప్పలనర్సమ్మ బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది. వాళ్ళ మాటలన్నీ వింది. "ఇరవై రోజులున్నాయి నా పత్రానికి," అంది. "అందులోనూ మీ మిషను లోకంలో ఉన్నవన్నీ ఉసూరనీసింది. మంచిది ఒక్కటీ నేదా సంసాదమ్మా?"

ఉంది. షంషాద్ అప్పటికే వెతికి పెట్టింది. కజకిస్తాన్‌లో అల్మాసాయ్ అని ఒక చిన్న రైల్వేస్టేషను. అక్కడికి చూడ్డానికని వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. ఎటో వెళుతూ రైలు చెడిపోయి అక్కడ ఇరుక్కున్నవాళ్ళు పధ్నాలుగు మంది. పధ్నాలుగు మందికీ ఎనభై దాటింది. ఒకాయనకు ఎనభై తొమ్మిది.

"అల్మా సాయా? సాయిబాబా గుడేటి?"

"కాదు నర్సమ్మగారూ. ఉత్త స్టేషను. చుట్టూ అడవి ఆపిల్ చెట్లు. వెనకాల మంచుకొండ. ఒక బెంచీ. అంతే."

"అంతేనా?"

"అంతే. ఆ పధ్నాలుగు మందీ ఎవరికీ చెప్పుకోలేదు కూడా. చెప్పుకోడానికి అక్కడేం లేదు."

అప్పలనర్సమ్మ ఆలోచనలో పడింది. ఆ బెంచీ ఆవిడకు నచ్చింది. ఆపిల్ చెట్లూ నచ్చాయి. పలక మీద 'అల్మాసాయ్ రైల్వేస్టేషను, చూశాం' అని ఉండటమే మింగుడుపడలేదు.

దరఖాస్తుకు ఆఖరు రోజు వచ్చింది. సాయంత్రం నాలుగు లోపల ఊరి పేరు రాసి ఇచ్చెయ్యాలి. షంషాద్ ఫలితాలు సమర్పించడానికి ఢిల్లీలో యాత్రామండలికి వెళ్ళింది. చిదానందం ఒక్కడే చెవి వెనక తీగ తగిలించుకుని యంత్రాన్ని సరిచూసుకుంటున్నాడు. పసుపు దీపం వెలుగుతోంది. అంకె నాలుగు దగ్గర ఊగుతోంది.

అప్పలనర్సమ్మ దరఖాస్తు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాబూ, మీ కొలత మీరు సెప్పనేదు."

"ఏ కొలత?"

"పీసా. నాను ఈ పనిలో సేరిన మొదటి రోజు, అప్పుడే మీరొచ్చినారు ఆ ఊర్నించి. ఆ వాలు సూస్తే మనిషి వాలకం మారిపోద్దన్నారు. అప్పట్నించీ సెప్తానే ఉన్నారు. సంసాదమ్మ స్టేషనుకెల్లమంటాది. మీరు సూసి అబద్దం సెప్పరు. మీదీ రెండో మూడో అయితే నాను స్టేషనుకే ఎల్లిపోతాను. నేదంటే గోపురానికి. సెప్పండి."

చిదానందం ఆవిడ మొహంలోకి చూశాడు. ఇరవై మూడేళ్ళుగా తన ముందు ఆ మొహం అలాగే ఉంది. సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, నోరు కొంచెం తెరిచి వినే మొహం. ఇంట్లో ఆయన ఆ కథ మొదలుపెట్టగానే భార్య లేచి వెళ్ళిపోయేది. ప్రపంచంలో ఆయన పీసాను ఇంకా వినే మనిషి ఈవిడ ఒక్కతే. మూడు అని చెబితే ఆ కళ్ళజోడు కిందికి దిగిపోతుంది. మళ్ళీ పైకి పోదు.

"ఆ వాలు..." అన్నాడు.

యంత్రంలో అంకె లేచింది. ముప్పై. అరవై.

"సెప్పండి బాబూ. నాను సూణ్ణేదు గదా."

ఎనభై. తొంభై ఏడు.

చిదానందం ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆయన శాస్త్రవేత్త. తెరను మెల్లగా ఆవిడ వైపు తిప్పాడు. "నేను చెప్పడం దేనికి? మీరు చేసిన యంత్రమే. మీరే చూడండి."

అప్పలనర్సమ్మ చూసింది. తొంభై ఏడు. కళ్ళు చెమర్చాయి. "నాకు తెల్సు," అంది. బల్ల మీద పెన్ను తీసుకుని, నిలబడే, దరఖాస్తులో ఊరి పేరు రాసేసింది. తెర కింద పసుపు దీపం వెలుగుతూనే ఉంది.

ఆవిడ వెళ్ళిన రెండు రోజులకు షంషాద్ ఢిల్లీ నుంచి వచ్చింది.

"మండలిలో పదకొండు మంది సభ్యులు. పదకొండు మందీ చూసొచ్చినవాళ్ళే. రిపోర్టును పరిశీలనలో పెట్టారు," అంది. "నర్సమ్మగారు స్టేషను చేరారా?"

"పీసా వెళ్ళారు."

"అదేంటి? మీరు చెప్పలేదా?"

"అడిగారు. యంత్రం చూపించాను."

షంషాద్ యంత్రం దగ్గరికి వెళ్ళి ఆ రోజు నమోదులు తెరిచింది. పసుపు, తొంభై ఏడు, మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలు. తర్వాత తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇరవై ఏళ్ళు ఇంద్రధనుస్సు అమ్మిన మనిషి కాబట్టి కేకలు వెయ్యలేదు.

అప్పలనర్సమ్మ నాలుగు రోజుల యాత్ర ముగించుకుని వచ్చింది. మేకు మీద గొడుగు తీసి లోపల పెట్టి 'పీసా గోపురం, చూశాం' అన్న పలక తగిలించింది. వీధి వీధంతా వచ్చి వరండాలో కూర్చున్నారు. ఎలగుందని అడిగారు.

"బాగోనేదు," అంది అప్పలనర్సమ్మ.

మర్రిపాలెం చరిత్రలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈఫిల్ సూర్రావు అందరికన్నా ముందు లేచాడు. గేటు బయటికి వచ్చాక తేల్చేశారు. తను చూసొచ్చి మనల్ని చూడొద్దంటోంది. కుళ్ళు. ఇంతగా దాచుకుంటోందంటే అది ఎంత గొప్పగా ఉండి ఉండాలి? ఆ వారంలో ఆ ఒక్క వీధి నుంచే తొమ్మిది మంది పీసాకు దరఖాస్తు పెట్టారు.

సోమవారం ఆవిడ పనిలోకి వచ్చింది. వెంట చెల్లెలు పైడమ్మ కూడా ఉంది. అరవై ఒక్క ఏళ్ళు, గాజువాకలో టైలరు, యాత్రాపత్రం ఇంకా వాడలేదు. అక్కతో నాలుగు రోజులుగా పోట్లాడుతోంది.

చిదానందం కుర్చీలోంచి లేచాడు. ఇరవై మూడేళ్ళలో ఆవిడ కోసం ఆయన లేవడం అదే మొదలు.

"ఎలా ఉంది నర్సమ్మగారూ?"

"ఒంగుంది బాబూ. ఒంగినాదని మనకి ముందే తెల్సు గదా. తెలిసిందే ఉంది అక్కడ." అప్పలనర్సమ్మ సంచి బల్ల మీద పెట్టింది. "ఒకటి మాత్రం మీరు సెప్పనేదు. ఎదర్నించి సూస్తే అందరూ గోపురాన్ని పట్టుకున్నట్టుంతారు. పక్కనించి సూస్తే ఉట్టి గాలి. రెండొందల మంది, రెండు సేతులూ పైకెట్టి, గాల్లో. అంతమంది సేతులెత్తీసినోళ్ళని ఒక్కసోట నాను ఎక్కడా సూణ్ణేదు."

షంషాద్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అలగే నిలబడిపోనాను బాబూ. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు దీపం పసుపు." ఆవిడ గొంతు పెరగలేదు. "నానే గదా అతికాను. అంకె సూశాను గాని దీపం సూణ్ణేదు."

చిదానందం నోరు తెరిచాడు. అందులోంచి ఒక్క శ్లేష కూడా రాలేదు.

"కూకోండి," అంది అప్పలనర్సమ్మ. తనే కుర్చీ లాక్కుని యంత్రం ముందు కూర్చుని, చెవి వెనక తీగ తగిలించుకుంది. పచ్చ దీపం వెలిగించి చూసింది. పీసా, రెండు. చెల్లెలికి చూపించింది. "సూశావేటి పైడీ? రెండు. నీకు సెప్తే నమ్మవు, ఇది నమ్ము."

"నీకు రెండొస్తే నాకూ రెండొస్తాదేటప్పా?" అంది పైడమ్మ. "నీకు సిన్నప్పట్నించీ ఏదీ బాగోదు. పులిహోర బాగోదు, జాతర బాగోదు."

అప్పలనర్సమ్మ పసుపు దీపం వెలిగించింది. చెల్లెలి వైపు తిరిగింది. "ఇనుకో. ఆపిల్ చెట్లున్న స్టేషనొకటుంది. ఎనకాల కొండ, ఒక బెంచీ. సంసాదమ్మ అడ్రెస్ ఇస్తాది. నాను తప్పు సేసినాను, నువ్వు సెయ్యకు. అక్కడికెల్లు."

అంకె సున్నా.

"ఓహో," అంది పైడమ్మ. "నువ్వేమో గోపురం సూసీసి పలక కట్టుకున్నావు. నన్ను తీసుకెల్లి స్టేషన్లో కూకోబెడతావు. మా ఈదిలో నాను బెంచీ పైడమ్మనవ్వాల."

"నిజం సెప్తన్నాను ఒలే."

"నిజమైతే పలకెందుకు కట్టావు? పీకీసి మళ్ళీ గొడుగెట్టుకోలేపోయావా?"

ఆ మాట అప్పలనర్సమ్మకు తగిలింది. యంత్రం వైపు చూసింది. సున్నా అలాగే ఉంది. మూడువందల పన్నెండు మంది చేత చెప్పించుకుని, ఒక్క నిజం చెబితే వీధి లేచిపోయింది, తోబుట్టువు శత్రువైంది, యంత్రం సున్నా పెట్టింది. తన జన్మకున్న ఒక్క యాత్ర అయిపోయింది. అందులోంచి ఇంకా రావలసిందేదో మిగిలి ఉంది.

పైడమ్మ ముందుకు వంగింది. కోపం తగ్గి, గొంతు బతిమాలే గొంతయింది. "అప్పా, నిజం సెప్పవే. నాను సూణ్ణేదు గదా. ఎలగుంతాదే?"

అప్పలనర్సమ్మ చెల్లెలి మొహంలోకి చూసింది. పైడమ్మ కళ్ళజోడు కూడా నుదుటి మీదికి తోసి ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది.

"వద్దు నర్సమ్మగారూ," అంది షంషాద్ తలుపు దగ్గర్నుంచి, మెల్లగా.

"ఆ వాలు సూస్తే," అంది అప్పలనర్సమ్మ, "మనిషి వాలకమే మారిపోద్దే పైడీ." ఒక్క క్షణం ఆగింది. "సూసి తీరాల."

పైడమ్మ చప్పట్లు చరిచింది. "నాకు తెల్సు. నాను ముందే అన్నాను." సంచిలోంచి దరఖాస్తు తీసి, బల్ల మీద పెన్ను వెతుక్కుంది. చిదానందం పెన్ను ఆయన చేతిలోనే ఉంది. ఆవిడ దాన్ని తీసుకుంటుంటే ఆయన వేళ్ళు ఆపలేదు.

పసుపు దీపం వెలుగుతోంది. అప్పలనర్సమ్మ కళ్ళజోడు కిందికి దింపుకుని ఈసారి ముందు దీపం చూసింది. తర్వాత అంకె చూసింది. సెన్సరు అతుకు సరిగ్గా ఉందో లేదో చూసే శ్రద్ధతోనే చూసింది.

"తొంభై ఎనిమిది," అంది. "మీకన్నా ఒకటెక్కువే బాబూ."